విశ్వవిద్యాలయ పరిశోధనను మార్కెట్టుకు చేర్చడం: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ జేఎన్‌టీయూ, రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, మారుటేరు వరి పరిశోధన స్థానం, అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానం అన్నీ గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. వాటి చుట్టుపక్కలే రైస్ మిల్లులు, పీచు మిల్లులు, రొయ్యల హేచరీలు, కడియం నర్సరీలు నడుస్తున్నాయి. అయినా ల్యాబులో పుట్టిన పని మిల్లుదాకా చేరడం అరుదు. పరిశోధకులు, పీహెచ్‌డీ విద్యార్థులు, టెక్నాలజీ కోసం వెతుకుతున్న చిన్న పారిశ్రామికులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

పరిశోధన చేసింది నేను. హక్కు నాదా, విశ్వవిద్యాలయానిదా?

భారత పేటెంట్ చట్టం, 1970 ప్రకారం మొదటి హక్కు అసలు ఆవిష్కర్తదే. ఉద్యోగి కనిపెట్టింది దానంతటదే యజమానికి చెందుతుందని ఆ చట్టంలో లేదు. విశ్వవిద్యాలయానికి హక్కు రావాలంటే నియామక షరతుల్లో గానీ, మేధోసంపత్తి విధానంలో గానీ, విడిగా రాసుకున్న హక్కు బదిలీ పత్రంలో గానీ ఆ మాట ఉండాలి. మీ విశ్వవిద్యాలయం విధానాన్ని చదవకుండా ఎవరితోనూ బేరం మొదలుపెట్టవద్దు.

కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ఒక గీత గీసింది. సంస్థ నిధులు, పరికరాలు వాడి చేసిన పనిలో సంస్థకు భాగం ఉంటుంది. వాటిని ముట్టుకోకుండా, పని వేళల బయట, పాఠ్యప్రణాళికకు సంబంధం లేకుండా చేసినదైతే పూర్తిగా ఆవిష్కర్తదే.

ఎక్కువగా దెబ్బ తగిలేది విద్యార్థుల విషయంలో. విద్యార్థి ఉద్యోగి కాడు, నియామక షరతులు అతనికి వర్తించవు. ప్రాజెక్టులో అసలు పని చేసిన ఎంటెక్ విద్యార్థి చదువు ముగించి హైదరాబాదు వెళ్లిపోతాడు, ఫోన్ నంబరు మారిపోతుంది, అప్పుడు సంతకం కోసం వెతుకులాట మొదలవుతుంది. దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోపు హక్కు రుజువు పత్రం పేటెంట్ ఆఫీసుకు ఇవ్వాలి. అందుకే దరఖాస్తు వేసే రోజే ఆవిష్కర్తలందరి సంతకాలూ తీసుకోండి. ఏ పనీ చేయని విభాగాధిపతి పేరును గౌరవం కోసం చేర్చవద్దు, పని చేసిన విద్యార్థి పేరు తీసేయవద్దు. రెండూ పేటెంటును బలహీనపరుస్తాయి, రెండోది అన్యాయం కూడా.

బయటి గ్రాంటు ఉంటే మంజూరు ఉత్తర్వులోని షరతులు ముందు చూడాలి. కంపెనీ డబ్బు పెట్టిన కన్సల్టెన్సీ ప్రాజెక్టుల్లో హక్కు ఎవరిదో మొదటి ఒప్పందంలోనే రాసుకోకపోతే చివరికి ఉమ్మడి యాజమాన్యం మిగులుతుంది. ఉమ్మడి యాజమాన్యంలో ఒక చిక్కు ఉంది. సెక్షన్ 50 ప్రకారం ప్రతి భాగస్వామీ ఆ పేటెంటును సొంతానికి వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. కానీ మూడోవారికి లైసెన్సు ఇవ్వాలంటే అందరి ఒప్పుదలా కావాలి. అంటే కంపెనీ ఉత్పత్తి చేసి అమ్ముకుంటుంది. ఫ్యాక్టరీ లేని విశ్వవిద్యాలయం ఇంకెవరికీ ఇవ్వలేక ఊరకే ఉండిపోతుంది.

సదస్సులో చెప్పేశాను, పత్రికలో కూడా వచ్చింది. ఇంకా పేటెంటు వస్తుందా?

చాలావరకు రాదు. సెక్షన్ 31లో 12 నెలల మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు, విద్వత్ సంఘాల ముందు చదివిన పత్రాలకు, వాటి ప్రచురణలకు మాత్రమే ఉద్దేశించిన ఇరుకు దారి. మామూలు జర్నల్ వ్యాసం దాని కిందికి వస్తుందని నమ్ముకుని ఉండకూడదు. ఐరోపాలోనైతే ఆ మాత్రం వెసులుబాటు కూడా దాదాపు లేదు.

బయటపడే దారులు జర్నళ్లు ఒక్కటే కావు. కిసాన్ మేళాలో స్టాలు పెట్టి యంత్రం విప్పి చూపించడం, యూట్యూబులో వీడియో, జిల్లా పేజీలో వార్త, బహిరంగంగా జరిగే పీహెచ్‌డీ వైవా, పీహెచ్‌డీ గ్రంథాలను అందరికీ ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథం అప్‌లోడు కావడం, అన్నీ బహిర్గతం కిందే లెక్క. గ్రంథాన్ని కొంతకాలం అప్‌లోడు చేయకుండా ఆపమని గైడు ద్వారా లిఖితపూర్వకంగా ముందే అడగాలి.

మందు సులువైనదే: ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు, తర్వాత ఏదైనా. ప్రొవిజనల్ వేసిన తేదీ మీ తేదీగా నిలుస్తుంది, ఆపైన 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ పత్రం, వేయాలి. ఆ గడువు దాటితే దరఖాస్తును వదిలేసుకున్నట్టే. అయితే ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ తేదీ రక్షణ రాదు. సారాంశం రెండు పేజీలు పడేసి పంపేవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు. కొలతలు, పాళ్లు, ఉష్ణోగ్రతలు, ప్రత్యామ్నాయాలు, ఆ రోజుకు తెలిసినదంతా అందులో పెట్టండి.

నా పని అసలు పేటెంటుకు పనికొస్తుందా?

డెల్టాలో తరచుగా వచ్చే పనులనే తీసుకుందాం. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసే యంత్రం, ఊక బాయిలరులో మార్పు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటరు, వ్యాధిని పట్టే కిట్టు లాంటివి కొత్తవై, ఆ రంగం తెలిసినవాడికి సులువుగా తట్టనివైతే పనికొస్తాయి. నాట్ల పద్ధతి, నీటి యాజమాన్య పద్ధతి లాంటివి వ్యవసాయ పద్ధతులు, సెక్షన్ 3(హెచ్) కింద ఆగిపోతాయి. జంతువులకు వ్యాధి నయం చేసే విధానం 3(ఐ) కింద ఆగుతుంది. కాబట్టి రొయ్యల జబ్బు విషయంలో చికిత్స విధానాన్ని కాకుండా మందు కూర్పును గానీ, పరీక్ష కిట్టును గానీ అడగాలి. మొక్కలు, విత్తనాలు, వంగడాలు 3(జె) కింద పోతాయి. వాటికి వేరే చట్టం ఉంది, కింద చెప్పాం. కంప్యూటర్ ప్రోగ్రాము ఒట్టిగా అయితే 3(కె) అడ్డు, దానికి కాపీరైటు నమోదు మార్గం.

మేతలు, ఎరువుల మిశ్రమాలు చేసేవారు 3(ఇ)ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నాలుగు దినుసులు కలిపితే నాలుగు గుణాలే కలిసి వచ్చాయంటే అది కేవలం మిశ్రమం, పేటెంటు రాదు. ఒక్కో దినుసు విడిగా ఇచ్చిన ఫలితం, అన్నీ కలిపినప్పటి ఫలితం పక్కపక్కన పట్టికలో పెట్టి, కలయిక వల్ల అదనంగా ఏదో వచ్చిందని అంకెల్లో చూపాలి. ఆ ప్రయోగం చేయకుండా దరఖాస్తు వేస్తే పరీక్షాధికారి అభ్యంతరానికి జవాబు చెప్పడానికి చేతిలో డేటా ఉండదు. అప్పుడు పరుగెత్తి చేయబోతే చెరువు పంట కాలం గడువుకు అందదు.

కొత్త వరి వంగడం, కొబ్బరి సంకరం సంగతేమిటి?

మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో విస్తారంగా పండింది. అప్పటికి మన దేశంలో వంగడాలపై హక్కు ఇచ్చే చట్టమే లేదు. మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో వచ్చింది. రైతుకు ఎనలేని మేలు జరిగినా, ఆ మేలులో లైసెన్సు రుసుముగా పరిశోధన స్థానానికి తిరిగొచ్చే దారి అప్పట్లో లేదు. ఈ రోజు విడుదల చేసే వంగడానికి ఆ దారి ఉంది, వాడుకోవాలి.

ఈ చట్టం కింద పంట వంగడాలకు 15 ఏళ్లు, చెట్లకు, తీగలకు 18 ఏళ్లు రక్షణ. విశిష్టత, ఏకరూపత, స్థిరత్వం పరీక్షల్లో నెగ్గాలి. కొత్త వంగడంగా నమోదు కావాలంటే దరఖాస్తు తేదీకి ఏడాదికి మించి ముందు మన దేశంలో అమ్మి ఉండకూడదు. మినీకిట్ల (రైతులు వేసి చూడటానికి ఇచ్చే చిన్న విత్తన సంచుల) పేరుతో ఇచ్చినవాటికి అమ్మకం రసీదులు రాసేముందు ఈ గడువును మనసులో పెట్టుకోండి.

రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పక్క రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. కాబట్టి వరిలో ఆదాయం అంచనా వేసేటప్పుడు ఎకరాల లెక్క వేయకండి. ఒకసారి ఊళ్లో అడుగుపెట్టిన విత్తనం సార్వా (ఖరీఫ్) నుంచి దాళ్వాకు (రబీకి), దాళ్వా నుంచి సార్వాకు చేతులు మారుతూనే ఉంటుంది. బ్రాండు వేసి అమ్మే విత్తన సంస్థల బస్తాల లెక్కే మీ లెక్క.

కొబ్బరిలో కథ వేరు. అంబాజీపేట సంకరం గోదావరి గంగలో తల్లి ఈస్ట్ కోస్ట్ టాల్, తండ్రి గంగాబొండం. ఇక్కడ విలువ కాగితంలో కన్నా తల్లి చెట్ల తోటలో, చెట్టెక్కి మగపూలు తీసేసి పుప్పొడి అద్దే మనుషుల నేర్పులో ఎక్కువ ఉంది. పుప్పొడి అద్దాక కాయ ముదరడానికే దాదాపు ఏడాది, నారుమడిలో మళ్లీ నెలలు. నర్సరీకి లైసెన్సు ఇస్తే తల్లిదండ్రుల మొక్కలు, శిక్షణ, తనిఖీ ఒప్పందంలో భాగం కావాలి. ఇవి లేని లైసెన్సుతో నాసి మొక్కకు సంస్థ పేరు అంటుకుంటుంది, రైతుకు అది తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఎంత ఖర్చవుతుంది?

గోదావరి జిల్లాల దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. స్పెసిఫికేషన్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. 2021 సవరణ తర్వాత విద్యాసంస్థలకు రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఉంది. 30 పేజీలు, 10 క్లెయిములలోపు (క్లెయిము అంటే రక్షణ కోరే అంశం) ఆన్‌లైన్ దరఖాస్తుకు 1,600 రూపాయలు, దరఖాస్తును పరీక్షించమని కోరడానికి 4,000, త్వరిత పరీక్షకు 8,000. విద్యాసంస్థగా గుర్తింపు కోరే ఫారం 28 జతచేయడం మరిస్తే ఈ తగ్గింపు దక్కదు. పరీక్ష కోరే గడువు 2024 మార్చి నుంచి 48 నెలల బదులు 31 నెలలకు తగ్గింది. పాత గడువే మనసులో పెట్టుకుంటే దరఖాస్తు పోతుంది. దరఖాస్తు రాసే ఏజెంటు ఫీజు ఈ సర్కారు రుసుముల కన్నా చాలా ఎక్కువ, బడ్జెట్టులో దానికే పెద్ద భాగం పెట్టండి.

పేటెంటు కాలం 20 ఏళ్లు, మూడో ఏడాది నుంచి ఏటా కొనసాగింపు రుసుము. 3 నుంచి 6వ ఏడాది దాకా ఏడాదికి 800, ఆ తర్వాత మెట్లుగా పెరిగి చివరి అయిదేళ్లు 8,000 చొప్పున. మొత్తం చిన్నదే. అయినా గ్రాంటు మూసేశాక ఏ పద్దు నుంచి కట్టాలో తేలక పేటెంట్లు చచ్చిపోతుంటాయి. మొదటి రోజే ఒక అధికారి పేరు మీద ఈ బాధ్యత రాయించండి.

ఇంకో సంగతి. దరఖాస్తును పెద్ద కంపెనీకి బదిలీ చేస్తే తగ్గింపు రుసుముకూ పూర్తి రుసుముకూ మధ్య తేడాను కొత్త యజమాని కట్టాలి. ఒప్పందంలో ఆ మాట రాయండి.

విదేశాల్లో కావాలంటే భారత దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల్లో పీసీటీ (అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తు) వేయాలి. లక్షల్లో ఖర్చు. అక్కడ కొనేవాడు కనబడకుండా దీనికి దిగవద్దు.

కోరింగ మడ అడవుల్లో దొరికిన సూక్ష్మజీవి మీద పని చేశాం. అదనపు అనుమతి కావాలా?

కావాలి. నమూనా సేకరణకు అటవీశాఖ అనుమతి, హక్కు కోసం జీవవైవిధ్య చట్టం కింద జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర నమోదు. 2023 సవరణ 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, భారతీయ దరఖాస్తుదారులు పేటెంటు మంజూరయ్యేలోపు నమోదు చేసుకోవాలి, వ్యాపారంలో పెట్టేటప్పుడు ముందస్తు ఆమోదం తీసుకోవాలి. విదేశీ భాగస్వామి ఉంటే నిబంధనలు మరింత కఠినం. నమూనా ఏ తేదీన, ఎక్కడ తీశారో రికార్డు లేకపోతే ఇదంతా నడవదు.

సర్టిఫికెట్ చేతికొచ్చింది. కొనేవాడు ఎక్కడ?

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, ఎక్కువమంది ఇక్కడే ఆపేస్తున్నారు. పేటెంట్ల సంఖ్య ర్యాంకింగులకు పనికొస్తుంది కాబట్టి గోడ మీద ఫ్రేము కట్టి ఊరుకుంటున్నారు. ఒక మిల్లు యజమాని దాన్ని ఒక సీజను తన సొంత కరెంటు, తన సొంత కూలీలతో నడిపి లాభం చూసేదాకా ఆ పేటెంటుకు ధర లేదు.

కొబ్బరి పొట్టుతో మొక్కలు పెంచే మీడియా (మట్టికి బదులు వాడేది) చేశారనుకోండి. ల్యాబులో ఒకే మిల్లు నుంచి తెచ్చిన అయిదు కిలోల పొట్టుతో అద్భుతంగా వస్తుంది. కడియం నర్సరీకి ఇస్తే మొక్కల ఆకుల అంచులు మాడతాయి. కారణం ఉప్పు. డొక్కలు ఉప్పునీటిలో నానిన మిల్లు పొట్టులో ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎంతుందో చూపే కొలత) ఎక్కువ, మంచినీటిలో నానినదానిలో తక్కువ, వానాకాలంలో ఇంకోలా. కొనేవాడు 0.5 mS/cm లోపు ఈసీ అడుగుతాడు. కాబట్టి పరీక్ష అయిదు కిలోలతో ఆగకూడదు. కనీసం నాలుగైదు మిల్లుల నుంచి, ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి, టన్ను చొప్పున తెచ్చి కడగాలి. టన్నుకు ఎన్ని లీటర్ల నీరు పట్టింది, కడిగాక ఈసీ ఎంత, ఆరడానికి ఎన్ని రోజులు, కూలీ ఎంత అయిందో రాయాలి. ఆషాఢ శ్రావణాల్లో ఆరబెట్టడానికి కళ్లం దొరకకపోవడమే వ్యాపారాన్ని ముంచుతుంది. ఆ సంగతి ఏ పరిశోధన పత్రంలోనూ కనబడదు.

రొయ్యల మేతకో, నీటి మందుకో అయితే కనీసం మూడు చెరువుల్లో వాడి, మూడింటిలో వాడకుండా, ఒకే రోజు, ఒకే హేచరీ సీడు వేసి పూర్తి పంట చూడాలి. ఎంత సీడు వేశారు, ఎంత బతికింది, పట్టుబడినాటికి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత, కిలో రొయ్యకు ఎంత మేత పట్టింది, ఉప్పదనం, కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా, ఇవన్నీ ఉండాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ కొలవని డేటాను భీమవరం రైతు నమ్మడు, నమ్మకపోవడం సబబే.

ఇదంతా అయ్యాక రెండు పేజీల కాగితం ఒకటి తయారుచేయండి. రహస్యం చెప్పకుండా ఏ సమస్య తీరుతుంది, టన్నుకు లేదా ఎకరాకు ఎంత ఖర్చు, ఎంత మిగులు, యంత్రం చెడిపోతే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ అనుమతులు కావాలి అని రాయండి. అది పట్టుకుని మిల్లర్ల సంఘం, ఆక్వా రైతుల సంఘం దగ్గరికి మీరే వెళ్లండి. లోతుగా అడిగేవాడితో వివరాలు బయటపెట్టనని గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించి అప్పుడు అసలు వివరాలు చూపండి. విశాఖపట్నంలో జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థ మేధోసంపత్తి కేంద్రం ఉంది, టెక్నాలజీ బదిలీలో సాయం అడగవచ్చు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల టెక్నాలజీలు అగ్రిఇన్నోవేట్ ఇండియా ద్వారా లైసెన్సుకు వస్తాయి.

ఒక్కరికే ఇవ్వాలా, అందరికీ ఇవ్వాలా?

మా ఉద్దేశం స్పష్టం. డెల్టాలోని చిన్న యూనిట్లకు పనికొచ్చే యంత్రాలు, పద్ధతులు తక్కువ రుసుముకు చాలామందికి ఇవ్వడమే మంచిది. ఒక్కరికే కట్టబెడితే అతను బీరువాలో పెట్టేసినా మీరేమీ చేయలేరు. కొత్త జీవకీటకనాశిని లాంటివాటికి మాత్రం ఒక్కరికే ఇవ్వక తప్పదు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ పరీక్షలకు పెట్టుబడి పెట్టేవాడు పోటీ లేని కొన్నేళ్లు అడుగుతాడు. అప్పుడు కూడా ఫలానా తేదీకి రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ఫలానా తేదీకి మొదటి అమ్మకం అని గడువులు పెట్టి, తప్పితే హక్కు అందరికీ తెరుచుకునేలా రాయండి.

రాయల్టీని లాభం మీద ఎప్పుడూ పెట్టుకోవద్దు. లెక్కల్లో లాభం కనబడకుండా చేయడం సులువు. జీఎస్టీ తీసేసిన నికర అమ్మకాల మీద పెట్టండి, ఏటా కనీస రాయల్టీ కూడా రాయండి. ఉదాహరణకు నికర అమ్మకం 40 లక్షలు, రాయల్టీ 3 శాతం అయితే 1,20,000 వస్తుంది. కనీసం 60,000 అని రాసుకుంటే అమ్మకాలు పడిపోయిన ఏడాది కూడా ఆ మొత్తం అందుతుంది, కట్టలేనివాడు హక్కు వదులుకుంటాడు. లైసెన్సు రుసుముపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది, విడిగా రాయకపోతే విశ్వవిద్యాలయం చేతి నుంచి పోతుంది.

ఒప్పందం చెడిపోయే తీరులు ఇవి: ఫొటోల కోసం సంతకం చేసిన ఎంఓయూలో రుసుము పట్టిక లేకపోవడం. డ్రాయింగులు, పాళ్లు అనుబంధంగా జతచేయకపోవడం. సంతకం చేసిన అధికారికి ఆ అధికారం లేకపోవడం. లెక్కల పుస్తకాలు చూసే హక్కు రాయకపోవడం. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది, లైసెన్సును పేటెంట్ రిజిస్టరులో నమోదు చేయించడం. సెక్షన్ 68 కింద ఒప్పందం రాతలో ఉండాలి, 69 కింద నమోదు కావాలి. నమోదు కాని పత్రాన్ని కోర్టు మామూలుగా సాక్ష్యంగా తీసుకోదు. ముడిసరుకు మా దగ్గరే కొనాలనే షరతు సెక్షన్ 140 కింద చెల్లదు, పెట్టవద్దు.

ఆవిష్కర్తకు ఎంత వాటా?

విశ్వవిద్యాలయం విధానాన్ని బట్టి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2000లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆ శాఖ నిధులతో చేసిన పనిలో ఆవిష్కర్తల వాటా అసలు ఆదాయంలో మూడో వంతు దాటకూడదు. పై ఉదాహరణలో 1,20,000కు 40,000. పంపకం ఆవిష్కర్తల మధ్య ముందే శాతాల్లో రాసుకోండి.

నేనే కంపెనీ పెట్టవచ్చా?

పెట్టవచ్చు. 2019 విధానం ప్రకారం సంస్థ మీ స్టార్టప్‌లో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చు, అధ్యాపకులు పని సమయంలో 20 శాతానికి మించి దానికి వెచ్చించకూడదు. పాలకమండలి ఆమోదం రాతలో తెచ్చుకున్నాకే కంపెనీ నమోదు చేయండి. మీ సంస్థకూ మీ కంపెనీకీ మధ్య జరిగే లైసెన్సు బేరంలో మీరు రెండు వైపులా కూర్చోకూడదు, ధర నిర్ణయించే కమిటీలోంచి తప్పుకోండి. బయోటెక్నాలజీ రంగమైతే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ బైరాక్ వారి ఇగ్నిషన్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలల కాలానికి ఉంటుంది. రాజమహేంద్రవరంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రం ఉంది.

పూతరేకులు, ఉప్పాడ జాందానీ మీద విశ్వవిద్యాలయం హక్కు తీసుకోవచ్చా?

కూడదు. సంప్రదాయ జ్ఞానం సెక్షన్ 3(పి) కింద పేటెంటుకు రాదు. ఉప్పాడ జాందానీకి 2009లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు అక్కడి నేతగాళ్లది, రేకులు తీసే ఆడవాళ్లది. రేకు విరగకుండా దూరం పంపే ప్యాకింగు, పొగ తగలకుండా రేకులు తీసే కుండను వేడిచేసే పొయ్యి లాంటివి కనిపెడితే వాటికి పేటెంటో డిజైను రక్షణో కోరవచ్చు. ఆ పని చేసేవారికి వాటిని ఉచితంగానో నామమాత్రపు రుసుముకో ఇస్తామని మొదటే రాసివ్వండి.

పేటెంటు ఉంటే అమ్మేయవచ్చా?

పేటెంటు ఇతరులను ఆపే హక్కు. అమ్మకానికి వేరే అనుమతులు కావాలి. తినేదైతే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి, జీవకీటకనాశినికి 1968 కీటకనాశినుల చట్టం కింద రిజిస్ట్రేషన్, జీవన ఎరువులకు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు. పరిశోధన మొదట్లోనే ఆ పరీక్షల జాబితా తెచ్చుకుంటే అదే ప్రయోగాన్ని రెండుసార్లు చేయాల్సిన పని తప్పుతుంది.

నేను చిన్న పీచు మిల్లు నడుపుతున్నాను. టెక్నాలజీ ఎలా అడగాలి?

ముందు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో విశ్వవిద్యాలయం పేరుతో వెతకండి, డబ్బు అక్కర్లేదు. పేటెంటు అమల్లో ఉందా, రుసుము కట్టక ఆగిపోయిందా చూడండి. ఆగిపోయినదానికి లైసెన్సు రుసుము కట్టకండి. అమల్లో ఉంటే రిజిస్ట్రారుకు ఉత్తరం రాసి, మూడు నుంచి ఆరు నెలల పరీక్షా లైసెన్సు అడగండి. యంత్రం మీ షెడ్డులో, మీ డొక్కల మీద నడవాలి, పరిశోధకుడు కనీసం మొదటి వారం పక్కన ఉండాలి. గంటకు ఎన్ని కిలోల పీచు, ఎన్ని యూనిట్ల కరెంటు అనేది ఇద్దరూ సంతకం చేసిన పుస్తకంలో రోజూ రాయండి. పూర్తి లైసెన్సు ధర మాట్లాడేటప్పుడు ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని కూర్చోండి.